కొంరవ్వ జోడు

పిల్లలూ, ఊరికి దూరంగా పెరిగిన మీరు ఈ కథ ఎన్నడూ వినలేదు. ఇటు దగ్గరికి జరగండి. సిగ్గుపడి ముసుగులో దూరొద్దు, ఇది నవ్వుకునే కథే.

ఎన్నేళ్ల కిందటో ఎవరికీ తెలియదు. ఇళ్లకంటే తాటిచెట్లే ఎక్కువున్న ఒక ఊళ్లో కొంరవ్వ అనే ముసలామె ఉండేది. దవాఖానా ఊడ్చేది, నీళ్లు పట్టేది, నర్సమ్మ ఇచ్చిన మందులు ఇల్లిల్లూ తిరిగి పంచేది. ఆమె పెనిమిటి కల్లు గీసేవాడు. ఒకనాడు తొందరలో, నడుముకు మోకుతాడు ఉంది కదా అని, పాదాలకు తగిలించే బందం వేసుకోకుండానే చెట్టెక్కాడు. కాలు జారి, కిందపడి చనిపోయాడు.

ఆ ఊళ్లోనే బుచ్చన్న అనే గీత కార్మికుడు, అతని భార్య సత్తవ్వ ఉండేవాళ్లు. రెండో కాన్పులో సత్తవ్వకు నెత్తురంతా పోయింది, చావు తప్పింది.

“మూడేళ్లదాకా ఇంకో కాన్పు వద్దు. వస్తే మనిషి దక్కదు,” అంది నర్సమ్మ.

కొంరవ్వ కడుపు రాకుండా మింగే గోలీలు తెచ్చి సత్తవ్వకు ఇచ్చింది. కండోమ్‌లు తెచ్చి బుచ్చన్నకు ఇచ్చింది.

బుచ్చన్న పడీ పడీ నవ్వాడు. “అది గోలీలు మింగుతున్నది గదనే అవ్వా! మల్ల నాకీ రబ్బరు బుగ్గలెందుకు? పోరగాళ్లు ఊదుకుంటరు.”

“నడుముకు మోకున్నది గద కొడుకా, పాదాలకు బందమెందుకు?”

బుచ్చన్న నవ్వు ఆగింది.

“సత్తవ్వ గోలీ మరిస్తే తొడుగు కాస్తది. తొడుగు చినిగితే గోలీ కాస్తది. ఇంకోటి విను. గోలీ కడుపునే ఆపుతది, రోగాన్ని ఆపది. తొడుగు రోగాన్ని సుత ఆపుతది.”

“నాకేం రోగమున్నదే?”

“నీకని అన్ననా? ఊరందరికీ గిదే చెప్తున్న. ఒక్కటి సాలదు, రెండుండాలె.”

మొదటి ఏడు, రెండు నెలలు తిరక్కుండానే బుచ్చన్న రొప్పుకుంటూ వచ్చాడు.

“అవ్వా, రెండుండాలె అంటివి. ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితి. రెండూ చినిగినయ్!”

కొంరవ్వ నెత్తి కొట్టుకుంది. “ఓరి నీ తెలివి తెల్లారా! బందం ఇంట్ల పెట్టి, నడుముకు రెండు మోకులు కట్టుకొని ఎక్కుతవా? నీకు ఒక్కటే, ఆమెకు గోలీ. తొడుగు మీద తొడుగు రాసుకుంటే చినగదా?”

ఆలుమగలు దినాలు లెక్కపెట్టారు. నెల తిరిగింది, సత్తవ్వ ఎప్పటిలాగే బయట చేరింది. గోలీ కాసింది. బుచ్చన్న వాకిట్లో ఎగిరి గంతేస్తే కోళ్లు చెదిరిపోయాయి.

రెండో ఏడు సత్తవ్వ పుట్టింటి బోనాలకు పోయి, గోలీల అట్ట అక్కడే మరిచి వచ్చింది. కొత్త అట్ట చేతికొచ్చేదాకా దినాలు గడిచాయి. ఈసారి బుచ్చన్న కంగారుపడలేదు. తొడుగు కాసింది.

మూడో ఏడు నిండేసరికి సత్తవ్వ చెంపల్లోకి నెత్తురొచ్చింది. నాట్లలో ఆమె పాట ఎత్తితే తాటివనం దాకా వినబడేది. “ఇగ బిడ్డను కనుడు నా ఇష్టం,” అని, నర్సమ్మను అడిగి, రెండూ పక్కన పెట్టింది. ఏడాది తిరిగేసరికి బంగారంలాంటి ఆడపిల్ల పుట్టింది. తల్లి ఆ సాయంత్రమే లేచి కూర్చుని, “ఆకలైతుంది, అన్నం పెట్టుండ్రి,” అంది.

ఆ పిల్ల నడక నేర్చేదాకా కొంరవ్వ ఆడించింది. తర్వాత కాలం నిండి కన్నుమూసింది. ఊరి గీత కార్మికులంతా పని ఆపి, ఆమెను భుజాల మీద మోశారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లయిన కొత్త జంట దవాఖానాకు కలిసే పోతుంది. “కొంరవ్వ జోడు ఇయ్యక్కా,” అని పిల్లగాడే గట్టిగా అడుగుతాడు. నర్సమ్మ గోలీల అట్ట ఆమె చేతిలో, తొడుగుల పొట్లం అతని చేతిలో పెడుతుంది. “ఒకదాని మీద ఒకటి కాదు సుమా!” అని వెనక నిలబడ్డ ముసలమ్మలు అరుస్తారు. అందరూ నవ్వుతారు.

మీరు పెద్దయ్యాక, మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. మొహమాటపడి సగంలో మాత్రం ఆపకండి.