కుండగది తెర

జకర్యా అయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి అదే రోజు జవాబు దొరికిన దాఖలా నల్లవాగు సంఘంలో లేదు. ఆయన శ్రద్ధగా విని, కళ్ళజోడు తుడుచుకుని, వేరే పని మొదలుపెట్టేవారు. జవాబు తర్వాతెప్పుడో, ఎటునుంచో వచ్చి అడిగినవాడి మీద పడేది. ఈ సంగతి ఎరిగిన పాతవాళ్ళు ఆయన్ను ఎక్కువగా కదిలించేవాళ్ళు కాదు. బైబిలు కాలేజీలో చదువు ముగించి, ఏడాదిపాటు సేవ నేర్చుకోవడానికి ఆయన దగ్గరికొచ్చిన ఎలీషాకు మాత్రం ఇంకా ఆ భయం పట్టలేదు.

ఒక శనివారం చర్చి ఊడ్చి, చాపలు పరుస్తూ ఎలీషా కుండగది సంగతి ఎత్తాడు.

ఆ సంఘంలో ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. వారమంతా పోగైన పిడికిళ్ళను ఆదివారం సంచిలో పోసుకుని చర్చికి తెస్తారు. జనం కూర్చునే చోటికి వెనకగా, గుమ్మం పక్కన, తలుపులేని చిన్న గది ఉంది. దానికో పాత తెర, లోపల నడుమెత్తు మట్టికుండ, కొలుచుకోవడానికో డబ్బా. కానుకల పాట సాగుతున్నంతసేపూ ఒక్కొక్కరే లేచి ఆ తెర వెనక్కి వెళ్ళొస్తారు. ఉన్నవాళ్ళు పోసి వస్తారు, లేనివాళ్ళు తీసుకుని వస్తారు. అందరి సంచులూ ఒకే తానులో గుడ్డతో కుట్టినవి. అందరూ వాటిని కొంగు కిందో కండువా కిందో దాచుకునే వెళ్తారు, దాచుకునే వస్తారు. ఇక కుండలో మిగిలింది నెలాఖరుకి మూటకట్టి అనాథ పిల్లల హాస్టలుకి పంపుతారు. శుక్రవారాలు ధర్మాసుపత్రిలో దిక్కులేని రోగులకు గంజి కాచేదీ ఆ బియ్యంతోనే.

ఆ ఏడు వానల్లేవు. మిరప చేలల్లో కూలి లేదు. పోసేవాళ్ళ పిడికిళ్ళు చిన్నవయ్యాయి, తీసేవాళ్ళ సంచులు పెద్దవయ్యాయి.

"అయ్యగారూ, తీసుకునేవాళ్ళు నిజంగా లేనివాళ్ళేనని మనకెలా తెలుస్తుంది?" అన్నాడు ఎలీషా. "మొన్న హాస్టలు వార్డెను సగం సంచి భుజాన వేసుకుని పోతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. అవతల పసిపిల్లలండీ. ఆ తెర తీసేద్దాం. తప్పు చెయ్యనివాడికి తెర దేనికి?"

మాటలో దోషం లేదు. పిల్లల కూటి సంగతి ఎవరికైనా కడుపు తరుక్కుపోయేదే. సంఘపెద్ద ఏబేలు ఏడాదిగా అంటున్నదీ ఇదే. కాకపోతే ఆయన అంటే కసిరినట్టుండేది, ఎలీషా అంటే ఏడ్చినట్టుంది.

అయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఎలీషాను కుండగదిలోకి తీసుకెళ్ళి, "చెయ్యి పెట్టు" అన్నారు.

బియ్యం అడుగుకు చేరాయి. ఎలీషా భుజం దాకా చెయ్యి దించి గుప్పెడు తీశాడు.

"ఇందులో ఏబేలువి ఏవి, కంజీర వాయించే దీనమ్మవి ఏవి?"

ఎలీషా వెలుతురులోకి వచ్చి అరచెయ్యి తెరిచాడు. సన్నబియ్యం, రేషను దొడ్డుబియ్యం, పచ్చగా ఉప్పుడుబియ్యం, నడుమ అక్కడక్కడా ఎర్ర గింజలు. "ఎలా చెప్పనండీ, అన్నీ కలిసిపోయాయిగా."

"కలిసిపోయాయి" అని అయ్యగారు ఆ గుప్పెడూ తిరిగి కుండలో పోయించారు. "రేపు సాయంత్రానికీ నీకు ఇలాగే అనిపిస్తే తెర నేనే విప్పేస్తాను. పొద్దున పాట నువ్వు నడిపించు. అవునూ, రేపు నీ భోజనం ఎవరింట్లో?"

"రాహేలమ్మగారి వంతండి" అన్నాడు ఎలీషా, గొంతులో ఉత్సాహం లేకుండా.

చిన్నయ్యగారికి, అంటే ఎలీషాకు, ఆదివారం భోజనం పెట్టడానికి ఇళ్ళ మధ్య వంతులున్నాయి. రాహేలమ్మ భర్త మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి పోయాడు. ఆయన ఉన్న రోజుల్లో ఏ బోధకుడు ఊళ్ళోకొచ్చినా ఆ ఇంటి అరుగెక్కకుండా వెళ్ళింది లేదు. ఆ పెద్దరికాన్ని ఆవిడ ఇప్పటికీ వదల్లేదు. "మీరు పెద్దవారైపోయారు, వంతు మానుకోండి" అని ఎవరో అంటే నెలరోజులు వాళ్ళతో మాట్లాడలేదట. పాపం ఆవిడ మర్యాదకు వంక పెట్టలేం గానీ, ఆ ఇంటి అన్నం ఎలీషాకు సయించలేదు. సగం గింజలు ముద్దయ్యేవి, సగం పంటికింద పలుకులుగా తగిలేవి. పోయిన వంతుకు కంచంలో సగం వదిలేసి లేచాడు. వయసు మళ్ళింది కదా, పొయ్యి మీద చూపు ఆనదు కాబోలు అనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ఎలీషాకు సంగీతం తెలుసు. తెలిసినవాడికి ఆ సంఘం కానుకల పాట చెవుల్లో సీసం పోసినట్టే. డోలక్కువాడు పైకప్పు ఎగిరిపోవాలన్నట్టు వాయిస్తాడు. దీనమ్మ కంజీర తాళానికి ముందో వెనకో తప్ప సరిగ్గా తాళం మీద పడిన పాపాన పోదు. అయ్యగారేమో ఇంత గోలనూ కళ్ళు గట్టిగా మూసుకుని నడిపిస్తారు. భక్తి అనుకున్నాడు ఎలీషా. ఇవాళ పాట తన చేతికొచ్చింది కాబట్టి దానికో అందం తేవాలని ముందురోజే నిశ్చయించుకున్నాడు.

రెండో చరణం సగంలో ఉండగా పాటపుస్తకం మీదినుంచి కన్ను తీయకుండానే కుడిచెయ్యి పైకెత్తాడు. "వాయిద్యాలు ఆపండి. మెల్లగా, గొంతులతో మాత్రమే పాడదాం."

డోలక్కు ఆగింది. కంజీర ఆగింది. గొంతులు ఎక్కడ అందుకోవాలో తెలియక అవీ ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి చప్పుడొచ్చింది. గర్రుమని, కుండ అడుగున డబ్బా గీరుకున్న చప్పుడు.

పోసేవాళ్ళది అలాంటి చప్పుడు కాదు. బియ్యం మీద బియ్యం పడితే చిన్న జల్లు పడ్డట్టుంటుంది. ఇది తీసేవాళ్ళది. చర్చిలో ఉన్న ప్రతి మనిషికీ ఆ తేడా తెలుసు. తెర వెనకున్న మనిషికి కూడా తెలుసు. ఎందుకంటే చప్పుడు ఒక్కసారే వచ్చి, పీక నొక్కినట్టు ఆగిపోయింది.

డోలక్కు ఎందుకంత గట్టిగా మోగుతుందో, కంజీర ఏ పని మీద తాళం తప్పుతుందో ఎలీషాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించితే ఏమవుతుందో, దించకపోతే ఏమవుతుందో తోచలేదు. లోపలున్న మనిషికి ఇప్పుడు బయటికి వచ్చే వీల్లేదు, లోపల ఉండిపోయే వీలూ లేదు. తెర తొలిగితే చాలు, ఆ మనిషి ఇక ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేదు.

పాట సాగుతుండగా వెనక్కి చూడకూడదన్నది ఆ సంఘం అలవాటు. వెనక్కి చూసి ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య కథ విననివాళ్ళు అక్కడ లేరు. కానీ ఇప్పుడు పాట లేదు. ముందు వరసలో ఏబేలు మోకాలి మీద చెయ్యి ఆనించి సగం లేచాడు. మెడ తిరుగుతోంది. "ఎవరదీ లోపల..."

"ప్రార్థన చేద్దాం." కుర్చీలోంచి అయ్యగారి గొంతు, తొందరా కోపమూ లేకుండా వచ్చింది. "అందరూ కళ్ళు మూసుకోండి. ఏబేలూ, నువ్వు కూడా."

ఏబేలు కూర్చున్నాడు. తలలన్నీ వంగాయి.

జకర్యా అయ్యగారి ప్రార్థన పొట్టిదని ఊరంతా చెప్పుకుంటారు. గంజి చల్లారకముందే ఆమేన్ అంటారని ఆసుపత్రిలో రోగులకు ఆయనంటే ఇష్టం. ఆ రోజు మాత్రం ఆయన ప్రార్థన మొదలుపెట్టి వదల్లేదు. హాస్టల్లో పిల్లల్ని తలుచుకున్నారు. ఆసుపత్రి వరండాలో పడుకున్నవాళ్ళను తలుచుకున్నారు. వానల కోసం, మిరప చేల కోసం, ఎండిన బావుల కోసం, ఆ బావుల దగ్గర కట్టేసిన గొడ్ల కోసం అడిగారు. చివరికి డోలక్కువాడి చేతులకు బలమియ్యమని కూడా అడిగారు.

ఇక ఎలీషా సంగతి. అందరూ ఇటు తిరిగి కూర్చుంటే, పాట నడిపేవాడు అటు తిరిగి నిలబడ్డాడు. తెర సరిగ్గా అతని చూపుకు ఎదురుగా ఉంది. నిన్న తను అడిగినదానికి జవాబు అక్కడుంది. కనురెప్ప ఎత్తితే చాలు. పసిపిల్లల కూడు ఎవరు పట్టుకుపోతున్నారో తెలుసుకోవడం పాపమా అని ఒక మనసు గదమాయిస్తోంది. రెప్ప కొద్దిగా లేచింది కూడా. తెర అంచు కదలడం మసకగా కనిపించింది, దాని కింద తడబడుతున్న నీడ. అంతలో ఆ తెర గుమ్మం మేకుకు పట్టుకుని పర్రున చిరిగింది. ఆ చప్పుడుకు ఎలీషా గాల్లో ఉన్న చెయ్యి దించి, రెండో చెయ్యి కూడా తెచ్చి, రెండిటితో కళ్ళు అదిమి పట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలియదు. చెవులు కూడా మూసుకుందామంటే చేతులు చాల్లేదు. వట్టికాళ్ళు మెల్లగా చాప మీదికి నడిచిన అలికిడి, ఎవరో కూర్చున్న అలికిడి, ఆపుకున్న ఊపిరి ఒకటి వదిలిన అలికిడి వినిపించాయి. ఆ తర్వాత కూడా అయ్యగారు ఇంకాసేపు గొడ్ల కోసం ప్రార్థించారు.

ఆమేన్ అనగానే ఎవరూ చెప్పకుండానే డోలక్కు అందుకుంది. దీనమ్మ కంజీర ఆ రోజు మోగినట్టు ఇంకెప్పుడూ మోగలేదు. తాళం తప్పిందో లేదో ఎలీషా చూసుకోలేదు.

మధ్యాహ్నం రాహేలమ్మ తన ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టింది. గోంగూర పచ్చడి, గుడ్డు పులుసు, ఆవిడకున్న ఒకే ఒక్క కోడి పెట్టిన గుడ్డు. ఎలీషాకు ఆకలి లేదు. పొద్దున్నుంచీ ఎవరినో తన చేత్తోనే తోసేసినట్టు గుబులుగా ఉంది.

ఆవిడ మూత తీసి వేడన్నం కంచంలో పెట్టింది. ఆవిరి తేలిపోయాక ఎలీషా చెయ్యి పెట్టబోయి ఆగాడు.

సన్న మెతుకులు ముద్దయ్యాయి. దొడ్డు మెతుకులు పలుకుగా ఉన్నాయి. మధ్యలో పచ్చగా ఉప్పుడుబియ్యం. కంచం అంచున రెండు ఎర్ర గింజలు.

నిన్న ఇవే గింజలు అరచేతిలో పెట్టుకుని చూశాడు. పోయిన వంతున ఇవే సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పిల్లల కూడు ఎవరు పట్టుకుపోతున్నారని అడిగిందీ తానే, పట్టుకుపోయినదాన్ని తిన్నదీ పారేసిందీ తానే.

"ఏం చిన్నయ్యగారూ, అలా చూస్తున్నారు?" రాహేలమ్మ గరిటె పట్టుకునే నిలబడింది. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం అతని మొహాన్ని వదలడం లేదు. "ఈసారి బియ్యం కొత్తవయ్యా. సరిగ్గా ఉడకలేదేమో. పోయినసారి మీరు సగంలో లేచిపోయారు. నా వంటకు ఏం మాయరోగం వచ్చిందా అని ఆ వారమంతా నిద్ర లేదు నాకు."

ఎలీషాకు ఏదో ఒకటి అనాలనిపించింది. క్షమించమనాలనిపించింది. ఇవాళ ఉపవాసమని లేచిపోవాలనిపించింది. ఏది అన్నా ఆవిడకు తెలిసిపోతుంది.

అతను పచ్చడి కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగడం కష్టమైంది, మింగాడు. ఇంకో ముద్ద తిన్నాడు. పులుసు పోయించుకున్నాడు. కంచం అంచున ఉన్న ఎర్ర గింజల్ని కూడా వేలితో తీసి తిన్నాడు. గిన్నెలోకి ఒకసారి చూశాడు. ఆవిడకు సరిపడా ఉంది.

"ఇంకొంచెం పెట్టండమ్మా" అన్నాడు. "అన్నం ఇవాళ భలే కుదిరింది. మీరూ కంచం తెచ్చుకోండి. ఒక్కణ్ణే తింటుంటే నాకు సయించదు."

రాహేలమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం పరీక్షగా చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కిందికి దిగాయి. "మరే. హెడ్మాస్టరుగారు కూడా అంతే, మారు అడక్కుండా ఏనాడూ లేవలేదు" అంటూ గరిటెడు పెట్టి, కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

పొద్దువాలేవేళకు ఎలీషా చర్చికి వచ్చాడు. జకర్యా అయ్యగారు మెట్ల మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. పక్కనే కుండగది తెర, విప్పి మడిచి పెట్టి ఉంది. ఎలీషా దాని వంక చూస్తూ కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"భోజనమైందా?" అన్నారు అయ్యగారు.

"అయిందండి."

"మారు అడిగావా?"

"అడిగానండి."

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, తెర తీసి అతని చేతిలో పెట్టారు.

"అంచు చిరిగింది నాయనా. సూదీదారం మా ఇంట్లో అమ్మగారి దగ్గరుంటాయి. వెలుతురుండగానే కుట్టి కట్టెయ్యి. దారం కాస్త దళసరిది అడుగు."