వెల్లకిలా తొక్కే బండి

అనగనగా ఒక అడవిలో, చేపలకన్నా తాబేళ్లే ఎక్కువగా ఉన్న ఒక మడుగు ఉండేది. ఆ అడవికి ఒక ఆచారం ఉంది పిల్లలూ. వెల్లకిలా పడ్డ తాబేలు కనబడితే, ఎవరు ఎంత తొందరలో ఉన్నా సరే, ఆగి దాన్ని బోర్లించి పోవాలి. మంచి ఆచారమే. వెల్లకిలా పడితే తాబేలుకి తనంతట తాను లేవడం కష్టం కదా.

ఆ మడుగులో నూకాలు అనే తాబేలు ఉండేది. దానికి నడకంటే మహా విసుగు. ఎవరో పారేసిన సైకిలు ముక్కలు ఏరి, వడ్రంగిపిట్టను బతిమాలి, మూడు చక్రాల బండి ఒకటి చేయించుకుంది. ఆ బండి మీద కూర్చోవడం ఉండదు. తాటినారతో అల్లిన వాలుపీట మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, ఆకాశం చూసుకుంటూ తొక్కడమే.

తాబేళ్ల పెద్ద కూర్మయ్య నూకాలుకు పెదనాన్న అవుతాడు. అది చూసి ఆయన మండిపడ్డాడు. తాబేలు పుట్టుక పుట్టి కోరి కోరి వెల్లకిలా పడుకుంటావా, వంశం పరువు గంగలో కలిపావు అని తిట్టాడు.

"రేపు మడుగు చుట్టూ తిరిగి రా చూద్దాం. నిన్ను ఎవరైనా మోసుకొచ్చి దింపారంటే, ఆ బండిని నేనే మడుగులోకి తోసేస్తాను," అన్నాడు.

"అలాగే పెదనాన్నా. నా బండి మీదే వస్తాను, గట్టు మీద నిలబడి చూడు," అంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. తొందరేమీ పెట్టుకోలేదు. కొంగలను పలకరించింది, కూనిరాగం తీసింది, మబ్బులు చూస్తూ సగం దూరం పోయింది. అక్కడ ముందు చక్రం ఒక చెట్టు వేరు మీద ఎక్కి దిగింది. టక్కున చైను ఊడింది. ఎంత తొక్కినా పెడళ్లు ఊరికే తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు.

వడ్రంగిపిట్ట ముందే చెప్పి ఉంచింది. చైను ఊడితే దిగకూడదు, నేల మీది నుంచి అది అందదు. పీట మీద పడుకునే ఉండి, పంగలకర్రతో చైనును పళ్లచక్రం మీదికి ఎత్తి, కాళ్లతో పెడళ్లు మెల్లగా తిప్పాలి. నూకాలు పీట పక్కన పెట్టుకున్న కర్ర తీసుకుంది.

అప్పుడే కుందేలు అటు వచ్చింది. తాబేలు వెల్లకిలా ఉంది, కాళ్లు ఆడిస్తోంది. ఇంకేం కావాలి! ఒక్క గెంతు గెంతి, నూకాలును నేల మీదికి బోర్లించి, పుణ్యం కట్టుకున్నానని మురిసిపోతూ పరుగు తీసింది. నూకాలు పళ్లు కొరుక్కుంటూ మళ్లీ పీట ఎక్కి పడుకుంది.

తర్వాత అడవిపంది వచ్చింది. "ఆగు మావా, నేను పడలేదు," అని నూకాలు అంటూనే ఉంది. పంది వింటేనా? మూతితో ఒక్క తోపు తోసింది. ఈసారి కర్ర కూడా విరిగింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ అడవిలో మాత్రం వద్దన్నా బోర్లిస్తారు.

నూకాలు ఎలాగో మళ్లీ పీట ఎక్కేసరికి ఏనుగు వచ్చింది.

"నేను పడలేదు తాతా, పడుకున్నాను. నన్ను ముట్టుకోకు," అని నూకాలు గట్టిగా చెప్పింది.

పాపం, భయంతో ఏదేదో మాట్లాడుతోంది అనుకుంది ఏనుగు. ఎత్తుకెళ్లి ఇంటి దగ్గర దింపుతానంటూ తొండం చాపింది. తొండానికి చిక్కితే బండి ఇక మడుగు పాలే. నూకాలు మెడ సాచి ఆ తొండం కొస పట్టుకుని కసుక్కున కొరికింది. ఏనుగు అదిరిపడి వెనక్కి తగ్గింది.

"నీ దయ నీ దగ్గరే ఉంచుకో తాతా. సాయం కావలసివస్తే నాకు నోరుంది, నేనే అడుగుతాను," అంది నూకాలు. కాస్త ఆగి, "ఇప్పుడు అడుగుతున్నాను. ఒక పంగలకర్ర విరిచి ఇవ్వు. అంతే, ఇంకేం వద్దు," అంది.

ఏనుగు నొప్పి పెడుతున్న తొండంతోనే కర్ర విరిచి ఇచ్చింది. నూకాలు చైను ఎత్తింది. జారింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ జారింది. కాళ్లు పీకుతున్నా వదల్లేదు. చివరికి చైను పళ్ల మీద కూర్చుంది, బండి కదిలింది. ఏనుగు దారి ఇచ్చి పక్కకు నిలబడింది.

పొద్దు వాలేవేళకు నూకాలు ఇంటి గట్టు చేరింది. అక్కడ కూర్మయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. నూకాలు వస్తోందో లేదో చూద్దామని గట్టెక్కి, కాలు జారాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. సిగ్గుతో ఆయన ఎవరినీ పిలవలేదు కూడా.

నూకాలు బండి ఆపింది. "పెదనాన్నా, పడ్డావా? పడుకున్నావా?"

కూర్మయ్య కాసేపు ఆకాశం వంక చూశాడు. "పడ్డానే తల్లీ," అన్నాడు.

"బోర్లించమంటావా?"

"బోర్లించు."

నూకాలు బండి చక్రాన్ని ఆయన డిప్ప అంచుకు ఆనించి మెల్లగా తొక్కింది. కూర్మయ్య బోర్లాపడి, మట్టి దులుపుకుని, బండి వైపు ఒకసారి చూసి ఇంట్లోకి నడిచాడు. ఆ బండి ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ అడవి ఆచారం మాత్రం కొంచెం మారింది. ఇప్పుడు అక్కడ ముందు అడుగుతారు, ఆ తర్వాతే బోర్లిస్తారు.

నీతి: సాయం చేసే చెయ్యి ఉంటే చాలదు, ముందు అడిగే నోరు, వద్దంటే వినే చెవి కూడా ఉండాలి.