సీరా బదులు పలకలేదు

పడమటి సముద్రం అవతల ఆఫ్రికా ఖండం ఉంది కదా, అక్కడ పెద్ద ఏటి పక్కన ఎర్రమట్టి కోట కట్టుకుని ఒక రాజుండేవాడట. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు సీరా.

ఆ ఊళ్ళో ఎవరికెవరు ఎదురుపడ్డా ఆగి, ఇల్లు క్షేమమా, తల్లి క్షేమమా, మేకలు క్షేమమా అని అడగాలి. అవతలివాళ్ళు అన్నిటికీ బదులు పలకాలి. పలకకపోతే అడిగినవాళ్ళ ఇంటికి చావు కోరినట్టే.

ఒకనాడు కొరోంబా అనే మాంత్రికుడొచ్చి సీరాని తనకిమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు కోట బయటికి పోయి గుప్పెడు దుమ్ము తీసి ఊదాడు. ఏటి ఒడ్డున ఉన్న రాజు కొడుకులు ముగ్గురూ కొంగలైపోయి ఎగిరిపోయారు. వాళ్ళేమయ్యారో రాజుకి తెలియలేదు.

సాయంత్రం ఏటి దగ్గర కొంగలు సీరాతో మాట్లాడాయి. పెద్ద కొంగ అంది, "చెల్లీ, నీ చేత్తో నూలు వడికి మాకు మూడు అంగీలు కుట్టాలి. అవి పూర్తయ్యేదాకా ఒక్క మాట పలికినా, ఒక్క సైగ చేసినా, మేమింక మనుషులం కాలేం."

సీరా కదురు పట్టుకుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు వడుకుతారు, మగవాళ్ళు నేస్తారు. ముసలి నేతగాడు ఆమె నూలుని జానెడు పట్టీలుగా నేసిచ్చేవాడు. ఆమె పట్టీకి పట్టీ కలిపి కుట్టేది.

మొదటి ఏడు ఒక అంగీ అయింది. బావి దగ్గర ఆడవాళ్ళు పలకరిస్తే సీరా పలకలేదు. రాజుగారమ్మాయి నోట్లో నీళ్ళు పోసుకుని తిరుగుతోందే అని నవ్వారు.

రెండో ఏడు రెండో అంగీ అయింది. తెనిన్ అనే ఆమె పలకరిస్తే సీరా పలకలేదు. వారం తిరక్కుండా తెనిన్ బిడ్డ జ్వరంతో పోయాడు. తెనిన్ వచ్చి సీరా ముందు కూలబడి, ఒక్క మాటకి నీ సొమ్మేం పోయేదే అని ఏడ్చింది. సీరా వడుకుతూనే ఉంది.

మూడో ఏడు ఎవరూ ఆమె గుమ్మం తొక్కలేదు. ఈ పిల్లని ఏట్లో ముంచండి, ఊరు బాగుపడుతుందని కొరోంబా ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

మూడో అంగీకి ఒక్క చెయ్యి మిగిలింది. ఆ రోజే, జబ్బుపడి లేవలేని రాజు మంచం మోయించుకుని కూతురి దగ్గరికొచ్చాడు.

"సీరా, ఇల్లు క్షేమమా తల్లీ?"

సీరా సూది ఆపలేదు.

"నామీద కోపమా? ఊ అనమ్మా. అది విని పోతాను."

సీరా పెదవి కొరుక్కుంది. నెత్తురు అంగీమీద పడింది. రాజు ఆమె మొహం వైపే చూస్తూ చూస్తూ కన్నుమూశాడు.

ఆమె ఆ మంచం పక్కనే కూర్చుని చెయ్యి కుట్టింది. ఆఖరి ముడి వేసేసరికి జనం తలుపు తోసుకుని వచ్చారు, ముందు కొరోంబా. ఆ వెనకే మూడు కొంగలు వాలాయి. సీరా మూడు అంగీలూ విసిరింది. అన్నలు ముగ్గురూ మనుషులై లేచి నిలబడ్డారు. కొరోంబా నిలబడ్డ చోటే దుమ్మై రాలిపోయాడు.

"చెల్లీ, నాన్నకేమైంది?" అన్నాడు పెద్దన్న.

మూడేళ్ళ తర్వాత సీరా నోరు తెరిచింది.

"పోయాడన్నా. ఇప్పుడే."

అన్నలు సింహాసనం తమకొద్దని ఆమెనే ఎక్కించారు. నేతగాడి మనవణ్ణి పెళ్ళాడి నలభై ఏళ్ళు చల్లగా ఏలింది. ఆమె ఎందుకు పలకలేదో ఊరంతటికీ తెలిసింది, తెనిన్‌కీ తెలిసింది. వాళ్ళ నాన్నొక్కడికే తెలియలేదు.