గానుగ దిగిన బండి

మిట్టగిరి రాజావారు లోయలోని చెరకు రైతుల కోసం రాతి గానుగ చేయించారు. దాన్ని కొండ దించడానికి తగిన బండిని ఎంచే పని దివాను మార్తాండయ్యకు అప్పగించారు. ఆయన తన బావమరిది బండినే ఎంచాడు. నగిషీల పలకలతో, సన్నటి చక్రాలతో చూడముచ్చటగా ఉంది.

"అయ్యా, దీనికి చక్రాలను ఒత్తిపట్టే అడ్డకర్ర లేదు. నా మోటు బండికి ఉంది," అన్నాడు బండి తోలే ఓబులేసు.

"బండి ఉన్నది నడవడానికా, ఆగడానికా? తేలిక బండయితే ఎద్దులకు సులువు. నోరు మూసుకుని తోలు!" అని కసిరాడు దివాను.

ఓబులేసు ఆ బండికే ఎద్దులను కట్టాడు. కూలీలు గానుగ ఎక్కించాక, దిగుడు మొదలయ్యే చోట బండి ఆపి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఇంకా దేనికోసం ఆగావు?" అన్నాడు దివాను.

"తమరి కోసమేనయ్యా. బండిని ఎంచినవారే దిగుడంతా ఎద్దుల ముందు నడవాలని మా బండివాళ్ల ఆచారం."

దివాను బరువుకు కిర్రుమంటున్న ఆ సన్నటి చక్రాలను చూశాడు. బండిపైనున్న రాతి గానుగను చూశాడు. కింద మలుపులు తిరిగిన బాటను చూశాడు.

"నీ మోటు బండే కట్టు," అన్నాడు మెల్లగా.

కూలీలు గానుగను ఆ బండిలోకి మార్చాక, అడ్డకర్ర బిగించి, పగ్గాలు పట్టుకుని, ఓబులేసు ఎద్దుల ముందు నింపాదిగా నడిచాడు. పొద్దు వాలకముందే గానుగ లోయలో దిగింది.

"ఓబులేసూ, ఈ ఆచారం నేనెప్పుడూ వినలేదే! ఎన్నాళ్లుగా ఉంది?" అన్నాడు బండి వెనకే దిగి వచ్చిన దివాను.

"ఈ పొద్దుటి నుంచేనయ్యా!"