సఫియా ఎక్కిన బండ

గుండ్లకుంటలో స్వరూప అనే అమ్మాయి ఉండేది. ఒంట్లో బలానికి కొదవ లేదు గాని, ఏ పని మీదా పట్టుమని పది నిమిషాలు నిలిచే ఓపిక ఆమెకు లేదు.

ఆ ఊరి పక్కన ఒకే రాయిగా లేచిన పెద్దగుట్ట ఉంది. బాలనర్సయ్య అనే ఆయన అక్కడ ఊరి పిల్లలకు బండలెక్కడం నేర్పేవాడు. నేర్చుకునేవాళ్లలో స్వరూపే అందరికన్నా బలమైనది. బియ్యం బస్తాను భుజానికెత్తుకుని మిద్దె మెట్లు ఎక్కేసేది. సఫియా ఆమెకన్నా రెండేళ్లు చిన్నది, బక్కపలచగా ఉండేది. పగలంతా బట్టలు కుట్టి, సాయంత్రం గుట్ట దగ్గరికి వచ్చేది.

కొత్తగా వచ్చినవాళ్లకు బాలనర్సయ్య ముందు ఒకే పని చెప్పేవాడు. గుట్ట అడుగున పొడవాటి బండ ఒకటి ఉంది. కాళ్లు నేలకు జానెడు ఎత్తున ఉండేలా దాన్ని పట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డంగా పోవాలి. మళ్లీ వెనక్కి రావాలి. ఇరవై నిమిషాల దాకా కాలు నేలకు తగలకూడదు.

"భారం కాళ్ల మీద వెయ్యండి. చేతులు బిగుసుకోకముందే ఒక్కోటీ కిందికి వదిలి విదిలించండి. ఊపిరి ఆపకండి," అనేవాడు.

స్వరూప రెండు రోజులు చేసి విసుక్కుంది. "సార్, ఇది చిన్నపిల్లల ఆట. నేను పైకి ఎక్కడానికి వచ్చాను," అంది.

"ఎక్కుదువులే బిడ్డా. ముందు నీ చేతులు నిలవడం నేర్చుకోవాలి," అన్నాడాయన.

ఆమె ఆ బండ వైపు మళ్లీ పోలేదు. సఫియా మాత్రం రోజూ అక్కడే ఉండేది. మొదటి రోజు రెండు నిమిషాలకే జారింది. నెల తిరిగేసరికి ఐదు నిమిషాలు నిలిచింది. ఆరు నెలలకు అరగంట దాకా వచ్చింది. "ఎన్నాళ్లు ఇలా పీతలా నడుస్తావే?" అని స్వరూప నవ్వేది. సఫియా కూడా నవ్వి ఊరుకునేది.

ఆషాఢంలో ఒక ఉదయం, స్వరూప పట్టుబట్టడంతో, ఆ ఇద్దరూ పెద్దగుట్ట నిటారు వైపు ఎక్కడానికి బయలుదేరారు. బాలనర్సయ్య కింద నిలబడి చూస్తున్నాడు. సగం ఎత్తులో ఇద్దరు కూర్చునేంత అరుగు ఉంది. అక్కడిదాకా బాగానే చేరారు. అక్కడి నుంచి స్వరూప, బండకు దిగ్గొట్టిన ఇనుప కొక్కేలకు తన నడుముకు కట్టిన తాడు తగిలించుకుంటూ, ముందు కదిలింది. సఫియా అరుగు మీద ఉండి ఆ తాడు రెండో కొస పట్టుకుంది.

"నిదానంగా, అక్కా!" అంది సఫియా.

స్వరూప ఆగలేదు. చేతుల బలంతో ఒళ్లంతా పైకి లాక్కుంటూ పోయింది. ఇరవై అడుగులు ఎక్కేసరికి ముంజేతులు రాళ్లలా బిగుసుకున్నాయి. వేళ్లు వాటంతటవే విడిపోయాయి. ఆమె జారింది. తాడు ఆపింది గాని, కాలు బండకు కొట్టుకుని చీలమండ మెలితిరిగింది. సఫియా మెల్లగా తాడు వదులుతూ ఆమెను అరుగు మీదికి దింపింది.

పడమర నల్లటి మబ్బు లేచింది. కిందికి దిగడానికి తాడు చాలదు. "మెట్లదారిన పైకొస్తున్నా! కదలకండి!" అని బాలనర్సయ్య కేక వేశాడు. గుట్ట వెనక ఉన్న ఆ దారిన చుట్టి రావడానికి గంట పడుతుంది. ఈలోగా వాన పడితే అరుగు మీదుగా నీళ్లు దూకుతాయి.

"నేను ఎక్కుతాను. నువ్వు తాడు చూసుకో అక్కా," అంది సఫియా.

"నా వల్లే కానిది నీ వల్ల ఎలా అవుతుందే?" అంది స్వరూప.

సఫియా బండ పట్టుకుంది. నాలుగు అడుగులు ఎక్కింది, ఆగింది. ఒక చెయ్యి వదిలి విదిలించింది. తర్వాత రెండోది. నిండుగా ఊపిరి తీసుకుంది. దిగ్గొట్టి ఉన్న ఇనుప కొక్కేనికి తాడు తగిలించింది. మళ్లీ కదిలింది. స్వరూప జారిన చోట ఆమె వేళ్లు కూడా జారబోయాయి. అయినా పట్టు వదల్లేదు. అరగంట తర్వాత పై అంచున ఆమె తల కనబడకుండా పోయింది. "రా అక్కా!" అన్న కేక వినిపించింది.

స్వరూప ఒంటికాలితో ఎక్కింది. ఆమె జానెడు కదిలినప్పుడల్లా సఫియా జానెడు తాడు లాగి బిగించేది. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. స్వరూప పై అంచుకు చేరుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. బాలనర్సయ్య రొప్పుతూ వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దై, ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

మూడు వారాలకు స్వరూప కుంటుతూ కుట్టు దుకాణానికి వెళ్లింది. సఫియా అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. "నవ్వినందుకు నన్ను క్షమించు. ఈ చేతులే నన్ను బతికించాయి. ఇంత ఓర్పు నీకెక్కడిదే?" అంది.

సఫియా సిగ్గుపడింది. "ఎక్కడిదేముంది అక్కా! నిన్నటికన్నా కాస్త ఎక్కువసేపు నిలబడేదాన్ని, అంతే. తాడు నువ్వు చూసుకోబట్టే నేను పైకి పోగలిగాను. సార్ నేర్పబట్టే చేతులు నిలిచాయి," అంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి బాలనర్సయ్య ఇంటికి వెళ్లి ఆయనకు దండం పెట్టారు.

పిల్లలూ, ఎంత బలమున్నా ఓర్పు లేకపోతే అది సగం దారిలోనే అయిపోతుంది. రోజుకు కొంచెంగా పెంచుకున్న ఓర్పు మనల్ని గట్టెక్కించి, పక్కవారిని కూడా గట్టెక్కిస్తుంది, కాబట్టి దాన్ని నేర్పినవారికి ఎప్పుడూ కృతజ్ఞతతో ఉండాలి.