నలభయ్యొకటో సోమవారం

అనగా అనగా, ఒక రాళ్ళకొండ మీద కోట, ఆ కొండ కింద ఒక ఊరు. కోటకు దొర కదిరప్పనాయుడు. యుద్ధానికి దిట్ట. దగ్గరివాళ్ళకు మాత్రం నిప్పు. ఆయనకు మూడు చెడ్డ గుణాలుండేవి తల్లీ. కల్లు, కొరడా, నోరు.

ఒకరోజు వాళ్ళమ్మ అడిగింది. "నాయనా, ఏడు ఊళ్ళను లొంగదీశావు. నిన్ను నువ్వు ఎప్పుడు లొంగదీస్తావు?"

ఆ మాట దొరకు ముల్లులా దిగింది. అప్పుడు కల్లు కుండలు పగలగొట్టించాడు. ఏడాది తిరిగేసరికి కల్లు మరిచాడు. ఆ తర్వాత కొరడాను పొయ్యిలో పెట్టాడు. అదీ గెలిచాడు. ఇక మిగిలింది నోరు. అది మాత్రం చిక్కలేదు.

అప్పుడొక జంగమయ్య ఉపాయం చెప్పాడు. నలభయ్యొక్క సోమవారాలు మౌనం పట్టాలి. పొద్దు పొడిచింది మొదలు వాలేదాకా మాట ఉండకూడదు, సైగా ఉండకూడదు. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికే.

దొర పట్టాడు. "సోమవారం వస్తే మన చెవులకు పండగే," అని వంటింట్లో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. చుట్టుపక్కల నాయకులు వచ్చి చూసి, ఇలాంటి మనిషి లేడని పొగిడేవాళ్ళు. ఆ పొగడ్త కల్లు కంటే ఎక్కువ కైపని దొరకు తెలియలేదు.

నలభై వారాలు గడిచాయి. నలభయ్యొకటో సోమవారం, పొద్దు వాటారుతుండగా ఏటి అవతల దుమ్ము లేచింది. దోపిడీ దండు. కావలివాళ్ళు కోట తలుపు మూసేశారు. కింద ఊరివాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కడం మొదలుపెట్టారు.

తలుపు కాసేది ఓబులేసు. అతని కూతురు నాగులమ్మ ఆ ఊళ్ళోనే కాపురం ఉంది. కానీ దొర వెనకటికి ఒక మాట అని ఉన్నాడు. "దండు వస్తే, నా నోటిమాట లేకుండా తలుపు తీసినవాడి తల తీస్తా." ఒకడి తల తీశాడు కూడా.

ఓబులేసు పరుగున వచ్చాడు. "సామీ, జనం సగం కొండ ఎక్కారు. తీయమంటారా?"

దొర పడమటికి చూశాడు. బారెడు పొద్దుంది. దుమ్ము ఇంకా ఏటి అవతలే కదా అనుకున్నాడు.

ఓబులేసు మళ్ళీ వచ్చాడు. "తలుపు బాదుతున్నారు సామీ. తల ఊపండి, చాలు."

దొర పెదవి కొరుక్కున్నాడు. మూరెడు పొద్దుంది. ఇంకాసేపు ఆగితే జనమూ బతుకుతారు, వ్రతమూ బతుకుతుంది అనుకున్నాడు.

మూడోసారి ఓబులేసు రాలేదు. అరుపులే వచ్చాయి. అప్పుడు దొర లేచి తానే పరుగెత్తాడు.

"తియ్యి ఓబులేసూ."

ఓబులేసు గడియమానుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఇప్పుడు వద్దు సామీ," అన్నాడు మెల్లగా. "గుర్రాలు జనంలో కలిసిపోయాయి. తీస్తే లోపలివాళ్ళూ పోతారు."

తలుపు అవతల నాగులమ్మ "నాయనా, నాయనా" అని పిలుస్తోంది. కాసేపటికి పిలవలేదు.

ఆ తర్వాత పొద్దు వాలింది.

మర్నాడు దొర తలుపు అధికారం ఓబులేసుకే ఇవ్వబోయాడు. "ఇక నన్ను అడగొద్దు. నీకు తోచినప్పుడు తియ్యి," అన్నాడు.

"ఎవరికోసం తీయమంటారు సామీ?" అన్నాడు ఓబులేసు. కొండ దిగి వెళ్ళిపోయాడు.

దొర బతికినన్నాళ్ళూ ఆయన్ను ఎవరూ పొగడలేదు తల్లీ. తిట్టనూ లేదు.

కథ నడిచె కంచికి,
నోరున్నది మంచికి,
పిలిస్తే పలికే మనుషులతో
పోదాం మన ఇంటికి.