హనుమక్క మట్టిగుట్ట

చిదంబరస్వామి ఏ ప్రశ్నకూ కూర్చున్నచోట జవాబివ్వడు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతాడు. అందుకే ఎండాకాలంలో ఆయన్ని ప్రశ్నలడిగేవాళ్లు తక్కువ.

శిష్యుడు పరాంకుశానికి ఆ జాగ్రత్త లేదు. పన్నెండేళ్లుగా దీక్ష కోసం కాచుకుని ఉన్నాడు. "గురువుగారూ, నాలో 'నాది' అన్న భావం పూర్తిగా నశించింది. ఇంకా దీక్షకు అడ్డేమిటి?" అని నడి వైశాఖంలో అడిగాడు. ఖర్మ కాకపోతే ఏమిటి.

ఇద్దరూ బస్సెక్కి హగరి ఏటి ఒడ్డున ఇసుకమేటల దగ్గర దిగారు. చెట్టూ చేమా లేని ఆ ఎడారిలో హనుమక్క అనే ముసలామె ఇరవై రెండేళ్లుగా కడుతున్న మట్టిగుట్ట ఉంది. తాటిచెట్టంత ఎత్తు. దాని నిండా నెమళ్లు, గుర్రాలు, ఏడుగురు అక్కదేవతలు, ఎర్రమన్నూ సున్నమూ పూసుకుని కళకళలాడుతుంటారు. ఎండకీ గాలికీ రోజూ ఎక్కడో ఒకచోట బీట పడుతుంది గనక, చూడవచ్చినవాళ్లు పేడ కలిపిన మట్టి ఒక దోసెడు తీసుకుని ఒక బీట పూడ్చి పోవాలి. అది అక్కడి కట్టుబాటు.

పరాంకుశం పూడ్చి ఊరుకున్నాడా? దానిమీద ఎనిమిది రేకుల పద్మం దిద్ది, పక్కనే నిలబడి వచ్చేపోయేవాళ్లకు చూపించసాగాడు. కాసేపటికి పద్మం ఎండకు నెర్రె విచ్చింది. అటుగా వచ్చిన గొర్రెలకాపరి ఒకడు తన దోసెడు మట్టి సరిగ్గా దానిమీదే మెత్తి చక్కా పోయాడు.

పరాంకుశం ముఖం కందగడ్డయింది. "అది నాది. ఎవర్నడిగి చెరిపావయ్యా?" అని వెంటబడ్డాడు.

రభస విని హనుమక్క వచ్చింది. "నీదైతే పీక్కోనిపో సామీ. నేనేమన్నా వద్దంటినా?" అంది.

రోషం కొద్దీ అతను రెండు చేతులా పట్టి లాగాడు. పద్మం వచ్చింది. దాంతోపాటు వెనకున్న పెళ్ల, నెమలి తోక, గుర్రం మూతి, ఒక అక్కదేవత మోచెయ్యీ ఊడొచ్చాయి. మనిషి దూరేంత బొక్క పడింది. హనుమక్క కొంగుతో కళ్లొత్తుకుంది. పరాంకుశానికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పంచె ఎగగట్టి మట్టిలోకి దిగాడు.

తట్ట మీద తట్ట వేసినా బొక్క నిండదు. ఆఖరి బస్సు కూడా వెళ్లిపోయింది. అతను తలెత్తకుండానే, "నాకు దీక్ష ఇక లేనట్టేనా స్వామీ?" అని అడిగాడు.

స్వామి గుట్ట నీడలో విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"మొదలై మూడు గంటలైంది. పేడ చాల్లేదు, ఇంకాస్త కలుపు."